ఆఖరి బోరు, అయిదువందల మైళ్ళు

నాకు తెలిసి మా ఆయన నెమ్మదిగా చేసిన పని ఒక్కటే, గడ్డం గీసుకోవడం. అదీ కత్తికి భయపడి. మిగతావన్నీ పరుగే. అన్నం తినేటప్పుడు నేను కూర వడ్డించేలోపే పెరుగు అడిగేవారు. ఇక టాక్సీ సంగతి చెప్పనక్కర్లేదు. డెబ్భైల్లో తిరువూరు నుంచి బెజవాడకి బస్సెక్కితే పూటంతా దాని కిందే పోయేది. ఆయన మాత్రం గంటా పదినిమిషాల్లో రైలుస్టేషన్ ముందు దింపేవారు. రైలు తప్పిపోతుందని హడలిపోయినవాళ్ళంతా మా తలుపే తట్టేవాళ్ళు. స్టేషన్లో దిగాక ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ తరవాత ఆయనకి పెట్టేవాళ్ళట. ఈ మాట నాకు ఎవరో చెప్పలేదు, ఆయనే గొప్పగా చెప్పుకునేవారు.

ఒక ఏడు వేసవి మొదట్లో ఆ కారు నీలంగా పొగ వదలడం మొదలుపెట్టింది. ఎ.కొండూరు దాటేసరికి వెనకవచ్చే సైకిళ్ళవాళ్ళు మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుంటున్నారని ఎవరో చెప్పారు. లీటర్లకి లీటర్లు ఇంజనాయిలు తాగుతోంది. చివరికి ఒకనాడు లాగనని మొండికేసింది. బస్టాండు వెనక రేకులషెడ్డులో ఒక పెద్దాయన మెకానిక్ ఉండేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని సాయిబుగారనే పిలిచేవాళ్ళు. ఆయన ఇంజను దించి, బెజవాడ లేతుకి పంపించి, లోపల పిస్టన్లాడే గొట్టాల గోడలు చెక్కించి బోరు చేయించారు. కారు ఇరవైరోజులు షెడ్డులో ఉంది. ఆ ఇరవైరోజులూ మా ఆయన ఇంట్లో ఉన్నారు. ఆ ఇరవైరోజుల్లో మా అత్తగారికీ నాకూ తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంజను బిగించిన రోజు సాయిబుగారు మా ఇంటికొచ్చారు. వాకిట్లోనే నిలబడి, మా ఆయన్ని కాదు, నన్ను పిలిచారు.

"అమ్మా, నీతో ఒక మాటుంది. మీ ఆయన ప్రాణం తోడేస్తే హెడ్డు ఒక పొర చెక్కించాను. కార్బురేటరు కూడా పెద్దది పెట్టాను. ఇదివరకటి కంటే రెండింతలు లాగుద్ది. కానీ బోరు మాత్రం ఆఖరిది. లోపల గోడలు పలచబడిపోయినై. ఇంకోసారి గీతలు పడితే చెక్కడానికి ఏం మిగల్లేదు. తూకానికి వెయ్యడమే."

"మరి ఏం చెయ్యాలండీ?"

"అయిదువందల మైళ్ళు తిరిగేదాకా స్పీడు ముల్లు ముప్పై దాటకూడదు. ఇద్దరికి మించి ఎక్కించకూడదు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు. గోడలతో రాసుకుని రాసుకుని అలవాటు పడాలి. కొత్త కోడలు అత్తారింట్లో సర్దుకున్నట్టు." ఆ చివరి మాట లోపలున్న మా అత్తగారికి వినపడేలా కాస్త గట్టిగానే అన్నారు. "ఈలోపు తరిమితే వేడెక్కి పిస్టను గోడకి పట్టేసుద్ది."

"ఆ సంగతి ఆయనకి చెప్పండి."

"చెప్పాను. సరేనన్నాడు. అతని మాట నమ్ముతాగానీ అతని కాలుని నమ్మను. నువ్వు పక్కన కూర్చో. ముల్లు చూస్తా ఉండు."

లోపల్నుంచి మా అత్తగారు, "ఇదెక్కడి విడ్డూరం! కోడలు ముందుసీట్లో కూర్చుని ఊళ్ళు తిరుగుద్దా?" అంటూ బయటికి వచ్చారు. సాయిబుగారు తలొంచుకుని, "ఆఖరి బోరమ్మా" అన్నారు. ఆ కారు తప్ప మాకు చారెడు నేల కూడా లేదు. అత్తగారు కాసేపు గుమ్మానికి ఆనుకుని నిలబడి, "కొంగు నిండా కప్పుకుని కూర్చో" అని లోపలికి వెళ్ళిపోయారు.

అలా నేను, పెళ్ళయిన మూడేళ్ళకి, మా కారు ముందుసీట్లో మొదటిసారి కూర్చున్నాను. ఎండాకాలం కదా అని తాటాకు విసనకర్ర వెంట తెచ్చుకున్నాను. మొదటి మైలులోనే దానికి రెండో పని దొరికింది. ముల్లు ముప్పైకి చేరగానే విసనకర్ర కాడతో ఆయన మోకాలి మీద ఒక్కటిచ్చాను. ఆయన ఉలిక్కిపడి నాకేసి చూశారు. అంతవరకూ ఆయన్ని అలా కొట్టినవాళ్ళు వాళ్ళ ఎలిమెంటరీస్కూలు మేష్టారు ఒక్కరేనట.

మొదటి వారం ఆయన అవస్థ చూడాలి. గంపలగూడెం రోడ్డు మీద పాలక్యాన్లు కట్టుకున్న ఒకతను సైకిలు మీద మా పక్కకొచ్చి, కిటికీ పట్టుకున్నంత దగ్గరగా తొక్కుతూ, వాళ్ళ గేదెకి చేసిన వైద్యమంతా మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఆయన ఊఁ కొట్టలేదు, ఆపమనలేదు. మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు. గేదె ఇప్పుడెలా ఉందని నేనే అడిగాను. "బానే మేస్తందండి" అని చెప్పి అతను మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

పాత బేరాలన్నీ పోయాయి. రైలు అందుకోవాల్సినవాళ్ళకి ముప్పై మైళ్ళ కారు ఎందుకు? కానీ విచిత్రంగా కొత్తవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ ఆయన కారంటే హడలి చచ్చినవాళ్ళు వీళ్ళంతా. నెలలు నిండిన ఆడపిల్లల్ని ఆస్పత్రిలో చూపించుకు రావాలనేవాళ్ళు వచ్చారు, నడుంనొప్పి పెద్దవాళ్ళు వచ్చారు. విస్సన్నపేట కూతురింటికి ఆవకాయజాడీ తీసుకెళ్ళే ఒక ముసలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని దారిపొడుగునా మూతగుడ్డ తడిమి చూసుకుంది. చుక్క నూనె ఒలకలేదు. దిగేటప్పుడు మా ఆయన నెత్తిన చెయ్యి పెట్టి, "ఇన్నాళ్ళకి మనిషివయ్యావు నాయనా" అంది. నేను ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు.

కొత్తగా బిగించిన ఇంజను కాబట్టి తొందరగా వేడెక్కేది. ఏడెనిమిది మైళ్ళకోసారి ఏ మామిడితోట పక్కనో ఆపి, బానెట్టు ఎత్తి, చల్లారేదాకా కూర్చోవాల్సొచ్చేది. నేను డబ్బాలో పులిహోర తెచ్చేదాన్ని. ఆయన తోచక, చేతికి పని లేక, నాకు ఇంజను నేర్పించడం మొదలుపెట్టారు. స్టార్టుచేసి, "అదిగో, టిక్‌టిక్‌మంటోందే, అవి టాపెట్లు. ఆ చప్పుడు ఉండాలి. అడుగునుంచి బరువుగా దబదబమందంటే మాత్రం వెంటనే ఆపెయ్యాలి, బేరింగు పోయినట్టు" అనేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ముందే మార్చాలనీ, ఇంజన్ని మూలిగించకూడదనీ, ఒకే స్పీడులో పోకుండా కాస్త పెంచుతూ కాస్త తగ్గిస్తూ ఉండాలనీ చెప్పారు. నేను బుద్ధిగా విని, అన్నీ ఆయన మీదే ప్రయోగించాను. "గేరు మార్చరేం? మూలుగుతోంది" అనేదాన్ని. రెండోవారానికల్లా ముల్లు ఇరవైతొమ్మిదికి చేరగానే కొట్టేదాన్ని. ఒక మైలు ముందే ఎందుకు కొట్టావని ఆయన గొడవపడితే, విసనకర్ర మోకాలిదాకా రావడానికి టైము పడుతుందని చెప్పాను.

నిజం చెప్పొద్దూ, నాకా రోజులు చాలా బాగున్నాయి. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే ఎన్ని మైళ్ళయ్యాయో క్యాలెండరు వెనక రాసేదాన్ని. మా అత్తగారు కూడా కూర తరుగుతూ, "ఇయ్యాల ఎంతైంది?" అని అడిగేవారు.

నాలుగువందల అరవై అయిన రోజు ఎ.కొండూరు నుంచి వస్తున్నాం. వెనకసీట్లో ఎవరూ లేరు. మా ఊళ్ళోనే ఇంకో టాక్సీ అతను ఉండేవాడు. వయసులో చిన్నవాడు, మా ఆయన్ని అన్నా అనేవాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా కారుని దాటిన పాపాన పోలేదు. ఆరోజు నిండా జనాన్నేసుకుని, హారను మోగించుకుంటూ పక్కకొచ్చి, తల బయటపెట్టి, "అన్నా! వదినని దిగి తొయ్యమను, తొందరగా పోద్ది!" అని అరిచాడు. వాడి కారులో జనమంతా విరగబడి నవ్వారు. దుమ్మంతా మా మొహాన కొట్టి పోయాడు.

నా ఒళ్ళు మండిపోయింది. నాకు ముక్కుమీదే ఉంటుంది కోపం. "తొక్కండి" అన్నాను.

ఆయన నాకేసి చూశారు.

"తొక్కండంటున్నానా! నలభై మైళ్ళే కదా మిగిలింది, ఈ కాస్తకీ ఏమైపోద్ది? వాణ్ణి దాటి అడ్డంగా ఆపండి. నేను దిగి మాట్లాడతాను." విసనకర్రతో ఆయన మోకాలి మీద టపటపా కొట్టాను. మూడువారాలు ఎత్తమని కొట్టిన చోటే ఇప్పుడు నొక్కమని కొడుతున్నాను. ఆయన కాలు ఒక్కసారి బిగుసుకోవడం నాకు కనపడింది. దవడలు కూడా బిగుసుకున్నాయి. ఆ తరవాత ముల్లు మెల్లగా ఇరవై అయిదుకి దిగింది.

"ఇంకా నలభై ఉన్నాయి" అన్నారు. అంతే.

నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. కోపంతో కళ్ళవెంట నీళ్ళు కూడా వచ్చాయి. ఇంటికెళ్ళాక ఆలోచిస్తే తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది. తెలిస్తే మాత్రం, అంత తేలిగ్గా ఒప్పుకుంటామా? రెండురోజులు ఆయనతో మాట్లాడలేదు. కారులో పక్కనే కూర్చున్నాను, ముల్లు చూశాను, విసురుకున్నాను. కొట్టాల్సిన అవసరం రాలేదు.

అయిదువందలు నిండిన రోజు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాం. ముందు ఇంజనాయిలు దించాలి. వేడిగా ఉన్నప్పుడే కింద బేసిను పెట్టి దించి, అందులో మెరుపు కనపడుతుందేమో చూస్తారు. మెరిస్తే లోపల లోహం అరిగి రాలిపోతున్నట్టు. అలా రాలిందంటే ఆఖరి బోరు కూడా అయిపోయినట్టే. సాయిబుగారు నట్టు తిప్పబోతుండగా మా ఆయన, "అగ్గిపెట్టె తెచ్చుకుంటా" అని బయటికి వెళ్ళిపోయారు. అగ్గిపెట్టె ఆయన చొక్కా జేబులోంచి కనపడుతూనే ఉంది.

సాయిబుగారు ఆయిలు అరచేతిలో పోసుకుని, రెండో చేతి బొటనవేలితో రుద్ది, ఎండలోకి తెచ్చి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. నేను కూడా వంగి చూశాను. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది తప్ప ఎక్కడా రవ్వంత మెరుపు లేదు. సాయిబుగారు అదే చేత్తో నా విసనకర్ర అందుకుని విసురుకున్నారు. దాని నిండా మరకలు పడ్డాయి. "పో, చెప్పు" అన్నారు.

మా ఆయన రోడ్డు మీద నిలబడి, మూసున్న ఒక కొట్టు తలుపుని చూస్తున్నారు. వెనకనుంచి వెళ్ళి, "ఆయిలు శుభ్రంగా ఉందండీ" అన్నాను. రెండురోజుల తరవాత నేనాడిన మొదటి మాట అది. ఆయన వెనక్కి తిరగలేదు. "ఇంకోసారి చెప్పు" అన్నారు. చెప్పాను.

తరవాత ట్యూనింగు. సాయిబుగారు హెడ్డు నట్లు మళ్ళీ బిగించి, టాపెట్లు సరిచేసి, ఇంజను స్టార్టు చేశారు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నారు. కార్బురేటరు మర పావువంతు తిప్పారు, మళ్ళీ అందులో సగం వెనక్కి తిప్పారు. తిప్పినప్పుడల్లా చప్పుడు మారడం నాకూ తెలుస్తోంది. ఒకసారి "ఇప్పుడు కొంచెం తడబడుతోందండీ" అన్నాను. సాయిబుగారు నాకేసి వింతగా చూసి, మర ఇంకాస్త తిప్పారు. ఆఖరున పక్క హోటల్నుంచి టీ తెప్పించి, నిండు గ్లాసు తీసుకెళ్ళి, నడుస్తున్న ఇంజను మీద పెట్టారు. మేం ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. టీ మీద మీగడ కదల్లేదు.

"ఇక నీ ఇష్టం" అని సాయిబుగారు వెనకసీట్లో ఎక్కి కూర్చున్నారు. నేను నా సీట్లో కూర్చున్నాను.

విస్సన్నపేట రోడ్డులో ఊరు దాటాక దారి తిన్నగా ఉన్న చోట ఆయన కారు పక్కకి తీసి ఆపారు. ఇంజను ఆపలేదు. ఎదురుగా రోడ్డంతా ఖాళీగా ఉంది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నాకేసి తిరిగారు.

"మూడేళ్ళలో నువ్వు నన్ను ఏదీ అడగలేదు" అన్నారు. "మొన్న అడిగావు. మొట్టమొదటిసారి. కాదనాల్సొచ్చింది. ఈ అయిదువందల మైళ్ళలో నాకు కష్టమైంది అదొక్కటే."

నిజమే, ఏదీ అడగలేదు. అడగడానికి ఈ మనిషి ఒకచోట నిలబడితే కదా! ఈయనకి గేర్లూ బ్రేకులూ తప్ప ఇంకేం పట్టవని మూడేళ్ళుగా నమ్మిన నా మొద్దుబుర్రని తిట్టుకున్నాను.

"ఇప్పుడడుగు" అన్నారు.

వెనకసీట్లో సాయిబుగారు ఒకసారి దగ్గి, మామిడితోటలవైపు తిరిగి కూర్చున్నారు. నేను కొంగు నడుముకి దోపుకుని, డాష్‌బోర్డు అంచు రెండు చేతులా పట్టుకుని, "తొక్కండి" అన్నాను.