పెట్రోలు పోసి ఆరబెట్టిన నేల

ఎక్కడ కూర్చున్నా వెర్లిన్ కుబిచెక్ కుడిచెయ్యి వీపు వెనక్కి పోతుంది. చర్చిలో, మంగలి కుర్చీలో, మొన్న ఫిబ్రవరిలో భార్య ఆర్డిత్ శవపేటిక పక్కన కూడా. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులందుకునే క్యాచర్, ఆ చెయ్యి దాచుకోకపోతే వేళ్లు విరుగుతాయి. అతనికి రెండు విరిగాయి. వంకరగానే అతుక్కున్నాయి.

మా నెబ్రాస్కా పల్లెల నుంచి రాష్ట్ర కళాశాల జట్టుకు వెళ్లినవాళ్లు తక్కువ. వెర్లిన్ వెళ్లాడు. రెండేళ్లు బెంచీ మీద, మూడో ఏడు మైదానంలో. బంతి అందేలోగా రెండో బేస్ అనే మజిలీకి దొంగచాటుగా చేరాలని పరుగెత్తేవాళ్లను మోకాళ్ల మీద ఉండే బంతి విసిరి అవుట్ చేసేవాడు. నాలుగో ఏడు ఒకడు పరుగెత్తుకొచ్చి గుద్దాడు. మోకాలు పోయింది. బంతి మాత్రం చేతిలోంచి జారలేదు. ఆ మాట అతను చెప్పడు, మేం చెబుతాం.

ఊరికొచ్చి ధాన్యం గోదాములో చేరాడు. ఆ ఏడే ఊరి మైదానం చూసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. గడ్డి కోశాడు, సున్నం గీతలు గీశాడు, బేస్‌ల మధ్య ఎర్రమట్టి సొంత లారీలో తెచ్చి పోశాడు. చలికాలం ట్రాక్టరు షెడ్డులో పిల్లలకు గొంతుక్కూర్చోవడం నేర్పాడు. ఇరవై ఆరేళ్లు. మా చుట్టుపక్కల ఊళ్లలో తడిసిన మట్టి మీద పెట్రోలు పోసి అంటిస్తారు. గంటలో ఆరుతుంది, కానీ ఆ మట్టి ఇక నీళ్లు పీల్చదు. వెర్లిన్ ఎన్నడూ ఒప్పుకోలేదు. వానొస్తే నేల ఆరేదాకా ఆగాల్సిందే అనేవాడు.

పదకొండేళ్లకి మళ్లీ ఈ జులైలో జిల్లా ఫైనల్ మా ఊరికి వచ్చింది. ఆ పొద్దున్న కుండపోత. ఐదింటికల్లా నేల ఆరకపోతే ఆట పక్క ఊరికి పోతుందన్నారు. రెండింటికి అతని చిన్ననాటి స్నేహితుడు డెల్మర్ నాలుగు డబ్బాల పెట్రోలు తెచ్చాడు. ఆర్డిత్ తర్వాత తినుబండారాల కొట్టు నడుపుతున్న లవోన్ కూడా వెంట వచ్చింది.

"బురదకి తల దువ్వుతున్నావేంట్రా?" అన్నాడు డెల్మర్.

వెర్లిన్ బురదలో లాగుతున్న ఇనప పళ్ల కర్ర ఆపలేదు. "నీళ్లు తీస్తున్నా."

"సాయంత్రానికి ఆరుతుందా?"

"ఆరదు."

"మరి? పక్క ఊరోళ్లు మన ఆట పట్టుకుపోయి, వాళ్ల హాట్‌డాగ్‌లు వాళ్లే అమ్ముకుంటారు. నువ్వు తిడతావనే లవోన్‌ని తెచ్చా. ఆడమనిషి ముందు నోరు అదుపులో ఉంటుందని."

"నేను లేననుకుని తిట్టు వెర్లిన్," అంది లవోన్. "ఆర్డిత్ అయితే ఆ డబ్బా వీడి నెత్తినే పోసేది."

వెర్లిన్ మట్టి వంక చూశాడు. కాదంటాడని కంచె దగ్గర చేరిన మేమంతా ఎదురుచూశాం.

"పోయండి," అన్నాడు.

డెల్మర్ చేతిలో డబ్బా ఆగింది. "నిజంగానా?"

"పొయ్యరా."

మంట నడుమెత్తు లేచింది. నల్లటి పొగ మొక్కజొన్న చేల మీదికి పోయింది. వెర్లిన్ కంచె పక్కన నిలబడి చూశాడు.

"బాధగా లేదా?" అని అడిగింది లవోన్.

"తెలీట్లేదు. ఫిబ్రవరి నుంచీ ఏదీ తెలీట్లేదు. దీన్ని కాలిస్తేనైనా తెలుస్తుందేమో అనుకున్నా."

"తెలిసిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ఐదింటికి ఆట మొదలైంది. మావాళ్లు ఆరు రెండుతో ఓడిపోయారు. వచ్చినవాళ్లంతా వెర్లిన్ భుజం తట్టి వెళ్లారు. లవోన్ ఇచ్చిన హాట్‌డాగ్ తిన్నాడు. పెట్రోలు వాసనే తప్ప మట్టి వాసన రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి పార తీసుకుని వచ్చాడు. నల్లబడిన మట్టిని జానెడు లోతున తవ్వి లారీలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. పదింటికి మొదటి బేస్ దాకా చేరాడు. లారీ తీసుకెళ్లి ఖాళీ చేసుకొచ్చి, రెండో బేస్ వైపు తవ్వాడు.