మా ఆయన ఎత్తని చెయ్యి

మా ఆయన కోటేశ్వరరావు గారు పోయారు. ఈ మాట ఇప్పటికీ నా నోటికి సరిగ్గా రావడం లేదు. ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్‌లో మేం పనిచేసే రెస్టారెంట్ వెనక, కార్లు ఆపే చోట, పట్టపగలు ఒక మనిషి ఇనప రాడ్డుతో కొట్టి చంపాడు. నలభై రెండేళ్ళు కూడా నిండలేదు. పెద్దకర్మ అయిపోయింది, ఫోటోకి దండ వేశాం. అయినా పదకొండింటికి వంటింటి వెనక తలుపు చప్పుడైతే చాలు, "ఉల్లిపాయలేవే?" అన్న ఆ కేక కోసం ఒళ్ళు బిగబట్టుకుంటున్నాను.

మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచికలో వెయ్యడానికి మొదట సుజాత గారు రాసి తెచ్చారు. ఆవిడ మా ఓనరు గారి భార్య, చదువుకున్న మనిషి. శాంతమూర్తి, సౌజన్యనిధి, అజాతశత్రువు అని రాసి చదివి వినిపించారు. వినడానికి గుళ్ళో మంత్రంలా చాలా బాగుంది. "ఎవరమ్మా ఈయన?" అని అడిగాను. ఆవిడ బిత్తరపోయారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, సంతకం తప్ప రాయలేను. "నేను చెప్తాను, మీరు రాయండమ్మా. మంచి మాటలు అక్కడక్కడ మీరు కలపండి, కానీ అబద్ధం కలపొద్దు" అన్నాను. అట్లా రాయించినది ఇది.

మా ఆయనది దుడుకు చెయ్యి. నరసరావుపేటలో హోటల్లో వంట మాస్టరుగా ఉన్నప్పుడే ఆయన పేరు చెబితే చేపల పులుసు గుర్తొచ్చేది, ఆ వెంటనే చెంపదెబ్బ గుర్తొచ్చేది. రుచిలో ఆయనకి సాటి లేరు, కోపంలోనూ లేరు. ఒకసారి అన్నం ముద్దైందని, సలసలా మరిగే గంజి గిన్నెని గోడకేసి కొట్టారు. అది ఎదురుగా ఉన్న మనిషికి మూరెడు దూరంలో పడింది. ఆ మనిషి నేనే. పెళ్ళైన రెండో ఏడు నన్ను కొట్టారు. నా ఎడమ కనుబొమ్మ మీద గీత అదే, అందరూ చిన్నప్పుడు పడ్డానేమో అనుకుంటారు. నేను ఊరుకోలేదు, అట్లకాడ తీసుకుని మోచేతి మీద వేశాను. మూడు రోజులు ఆ చేత్తో గరిట పట్టలేదు. "బలే కొట్టావే!" అని నవ్వారు. నేను నవ్వలేదు. తర్వాత నన్ను కొట్టలేదు గానీ, ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఇంట్లో ఉన్న గిన్నెలకీ తలుపులకీ తగిలేది.

అమెరికా వచ్చాక తందూరీ పొయ్యి దగ్గర పనిచేసే అతన్ని కొట్టారు. అతను పోలీసుల్ని పిలిచాడు. "ఇది నరసరావుపేట కాదు మాస్టారూ! చెయ్యెత్తితే జైలే! వీసా పోతుంది" అని మా ఆయన్ని కేకలేసి, ఓనరు గారు అతని కాళ్ళావేళ్ళా పడి రాజీ చేయించారు. మా ఆయన ఆరోజు ఇంటికొచ్చి, తన చేతులు తనే చూసుకుంటూ కూర్చున్నారు. "నేను ఎత్తట్లేదే రవణా. అదే లేస్తోంది" అన్నారు నాతో.

పోయిన ఏడు వరసగా దెబ్బలు. నూనె మంట లేచి మోచెయ్యి కాలింది. ఫ్రీవేలో కారుకి జింక అడ్డొచ్చింది, అద్దం పగిలి మొహమంతా గాజుముక్కలు. నెల తిరక్కుండానే కత్తి జారి బొటనవేలి నరం తెగింది. కుట్లు వేయించుకుని, కత్తి పదును పెట్టించడానికి పక్క షాపుకి వెళ్ళారు. అది మిచికో గారి షాపు. డెబ్బై దాటిన జపాన్ ఆవిడ, కత్తులకీ కత్తెరలకీ సాన పడుతుంది. ఆవిడ మా ఆయన వేలు చూసి, "కోటా-సాన్, హౌ ఓల్డ్?" అంది. సాన్ అంటే వాళ్ళ భాషలో గారు. ఫార్టీ వన్ అన్నారు. ఆవిడ వేళ్ళు లెక్కపెట్టి తల అడ్డంగా ఊపింది. వాళ్ళలో మగవాడికి నలభై రెండో ఏడు గండమట. పుట్టగానే ఒక ఏడు లెక్కట. నాకు అది వింతగా అనిపించలేదు. మన పెద్దవాళ్ళూ నలభై రెండో ఏడు నడుస్తోందనేగా అంటారు!

"బ్యాడ్ ఇయర్. యూ కమ్. ప్రీస్ట్ క్లీన్ యూ" అంది.

"నేనేమన్నా కత్తినా, క్లీన్ చెయ్యడానికి?" అన్నారు మా ఆయన తెలుగులో. ఆవిడకి అర్థం కాకపోయినా నవ్వింది. తీసుకెళ్ళింది మాత్రం నేను. మన గుళ్ళో శనికి తైలాభిషేకం అయింది, నిమ్మకాయలు తిప్పాను, దిష్టి గుమ్మడికాయ కొట్టాను, అన్నీ అయ్యాయి. ఇది కూడా చేయించుకుంటే పోయేదేముంది అని పట్టుబట్టాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆ జపాన్ గుడి అడవిలో, ఏటి పక్కన. మిచికో గారే కారు నడిపింది. వాకిట్లో రాతి తొట్టి, పొడుగు కాడ గరిట. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడిగి, నోరు పుక్కిలించాలి. లోపల ఒక కాగితం ఇచ్చి పేరూ అడ్రసూ రాయమన్నారు. పూజారి దాన్ని దేవుడికి చదివి వినిపిస్తాడట. మనవాళ్ళు గోత్రం అడిగినట్టు, వీళ్ళు అపార్ట్‌మెంట్ నంబరు అడిగారు. "దేవుడు పార్సిల్ ఏమన్నా పంపిస్తాడంటావా?" అని నా చెవిలో అన్నారు. గుళ్ళో నవ్వొద్దని తొడ మీద గిల్లాను.

పూజారి తెల్లబట్టల్లో వచ్చి, చాలాసేపు సన్నగా చదివాడు. మధ్యలో మా ఆయన పేరు వినపడింది, అపార్ట్‌మెంట్ నంబరు కూడా. తర్వాత తల వంచమని, కర్ర చివర తెల్లకాగితపు కుచ్చులు కట్టినది తీసుకుని వంచిన తల మీదుగా ఊపడం మొదలుపెట్టాడు. చేటలో ధాన్యం చెరిగినట్టు చప్పుడైంది. అంతే! మా ఆయన వంచిన తల ఎత్తకుండానే ఒక్క ఉదుటున ఆ కర్రని పట్టుకుని లాగేశారు. కుచ్చులు చిరిగి ఒళ్ళో పడ్డాయి. రెండో చెయ్యి పిడికిలి బిగిసి పూజారి గడ్డం దాకా లేచింది. నా పై ప్రాణం పైనే పోయింది. గుళ్ళో, దేవుడి ఎదురుగా, పూజారిని కొట్టబోయాడే ఈ మనిషి!

పూజారి వెనక్కి జరగలేదు. ఆ పిడికిలి ఎదురుగా అట్లాగే నిలబడ్డాడు. మా ఆయన చెయ్యి నెమ్మదిగా దిగింది. అప్పుడు పూజారి వంగి నమస్కారం పెట్టి, లోపలికెళ్ళి ఇంకో కుచ్చుల కర్ర తెచ్చి, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి మా ఆయన కళ్ళు మూసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో చెప్పారు, అదీ నావైపు చూడకుండా. "మా నాయన కొట్టేముందు తల వంచమనేవోడే. చెర్నాకోల ఇదిలిస్తే గాల్లో అదే సప్పుడు." పంతొమ్మిదేళ్ళ కాపురంలో మా మామగారి మాట ఎప్పుడెత్తినా "మంచోడు" అని ఊరుకునేవారు. మిచికో గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు, రోడ్డు చూసుకుంటూ నడిపింది. కాసేపటికి, "ఇంక ఎత్తను" అన్నారు. "చూద్దాంలే" అన్నాను నేను.

చూశాను. ఎనిమిది నెలలు చూశాను. ఒక ఆదివారం రద్దీలో సర్వరు దమ్ బిర్యానీ గుండిగ మొత్తం నేల మీద దొర్లించాడు. వంటింట్లో ఉన్నవాళ్ళంతా గోడలకి అంటుకుపోయారు. మా ఆయన ముఖం నల్లబడింది. మెడ నరం ఉబ్బడం దోసె పెనం దగ్గర నిలబడ్డ నాకు కూడా కనపడింది. నేరుగా పంపు దగ్గరికెళ్ళి ఎడమ చెయ్యి కడిగారు. కుడి చెయ్యి కడిగారు. మళ్ళీ ఎడమ చెయ్యి. "మాస్టర్‌కి జపాన్ పట్టింది రోయ్" అని ఎవరో గొణిగారు. ఆయన తుడుచుకుంటూ తిరిగొచ్చి, "ఎత్తండ్రా, ఇంకోటి పెడదాం" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చాక చూస్తే, అరచేతుల్లో గోళ్ళు దిగిన గుర్తులు, ఈ చేతిలో నాలుగు, ఆ చేతిలో నాలుగు.

ఇంక ఆ రోజు. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గింది. వెనక తలుపు దగ్గర స్టూలు వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. బయట ఒకడు, ఎవడో మాకు తెలియదు, ఒక ఆడమనిషిని జుట్టు పట్టి కారులోంచి ఈడ్చి తన్నుతున్నాడు. అరుపు విని నేను దోసె పెనం వదిలి పరిగెత్తాను. నేను వచ్చేసరికి మా ఆయన లేచి, చేతిలో ఉన్న పెద్ద కత్తిని ఉల్లిపాయల బస్తా మీద పెట్టారు. నా కళ్ళతో చూశాను, విసరలేదు, పెట్టారు. వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య నిలబడ్డారు. "నో బ్రదర్, నో" అన్నారు. ఆ పిల్ల నన్ను తోసుకుని వంటింట్లోకి దూరింది. వాడు కారులోంచి చక్రాలు విప్పే రాడ్డు తీసి భుజం మీద కొట్టాడు. మా ఆయన చేతులు చాపి అట్లాగే నిలబడ్డారు.

"కొట్టవయ్యా! కొట్టు! వాణ్ణి కొట్టు!" అని అరిచాను. అరిచింది నేనే. పంతొమ్మిదేళ్ళు ఆ చెయ్యి పట్టుకుని ఆపినదాన్ని, ఆరోజు కొట్టమని గొంతు చించుకున్నాను. ఆయన ఒకసారి నావైపు చూశారు. రెండో దెబ్బ తల మీద. మూడోది కూడా తల మీదే. ఆ చప్పుడు గురించి సుజాత గారిని రాయొద్దన్నాను. ఆ అమ్మాయి బతికింది. వాడు జైల్లో ఉన్నాడు. మా ఆయన అంబులెన్సు వచ్చేలోపే పోయారు.

ఇప్పుడు మనవాళ్ళే అంటున్నారు. నా ముందు కాదు, నాకు వినపడేట్టు. "పాత కోటయ్య అయితే వాడి ఎముకలు ఏరుకునేవాళ్ళు. ఆ పరాయి దేవుడి దగ్గరికి తీసుకెళ్ళి మొగుడి చేతులు కట్టేసింది." నాకూ అదే అనిపించింది. తీసుకెళ్ళింది నేనేగా?

దహనం రోజున మిచికో గారు నల్లబట్టలేసుకుని వచ్చింది. నా ఎదురుగా నడుం దాకా వంగి, "రవణా-సాన్, ఐ టుక్ హిమ్. ఐ యామ్ సారీ" అంది. అట్లా వంగి ఉండగానే ఆమెని కొట్టాను. శవం ఎదురుగా, డెబ్బై దాటిన మనిషిని, చెళ్ళుమని కొట్టాను. కళ్ళద్దాలు ఎగిరిపడ్డాయి. సుజాత గారు నన్ను వెనక నుంచి పట్టుకున్నారు. మిచికో గారు అద్దాలు ఏరుకుని, ఒకటి పగిలితే అట్లాగే పెట్టుకుని, వరసలో ఆఖరున నిలబడి ఆయనకి దండం పెట్టి వెళ్ళింది. అందరూ చూశారు కాబట్టి అందరికీ తెలిసేట్టే చెప్తున్నాను. మిచికో గారూ, ఎవరన్నా ఇది మీకు చదివి చెప్పాలి. తప్పు నాది. మీ కాళ్ళకి దండం.

నేను ఆయనలాంటి దాన్ని కాదు, చెయ్యి దుడుకుదాన్ని కాదు. అయినా లేచిన చెయ్యిని ఒక్క క్షణం ఆపలేకపోయాను. ఆయన ఎనిమిది నెలలు ఆపారు, నెత్తిన రాడ్డు పడుతున్నా ఆపారు. అందుకే శాంతమూర్తి అని రాయనివ్వలేదు. శాంతం పుట్టుకతో ఉన్నవాడికి అందులో కష్టమేముంది? లేనివాడు పళ్ళు బిగపట్టి తెచ్చుకున్నాడే, ఆ మనిషిని పోగొట్టుకున్నాం. అట్లాంటివాణ్ణి నేనింక చూడను.

నా మాట వినే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు. విననప్పుడల్లా తిట్టేదాన్ని. ఆఖరిసారి కూడా వినలేదు. పొద్దున దీపం పెట్టి దండం పెడుతున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి, ఒక్కటంటే ఒక్కటి కొట్టి బతకకూడదా అని తిడుతున్నాను. మళ్ళీ పొద్దున దండం పెడుతున్నాను.