నరసాపురం నుంచి రాజమండ్రికి: గీత అవతల పడిన బంతి

టెన్నిసు పోటీ చూడడానికి ఆడమనిషి నరసాపురం నుంచి రాజమండ్రి దాకా వెళ్లడమేమిటని మా పేటలో చాలామంది నవ్వారు. నవ్వనీ. పోటీలో ఆడేది మా తమ్ముడు సామ్యేలు. వాడు కాలవల ఆఫీసులో గుమాస్తా. మిషను బంగళాలో పాదిరిగారికి జోడీ దొరక్క వీడి చేత బ్యాటు పట్టించారు. కొన్నాళ్లకు వీడు ఆయన్నే ఓడించసాగాడు. రాజమండ్రిలో గెలిస్తే చెన్నపట్నంలో జరిగే పెద్ద పోటీకి పంపిస్తానని పాదిరిగారు మాటిచ్చారు. అందుకే బయలుదేరాం.

నరసాపురంలో పడవ సాయంత్రం ఎక్కాలి. మనిషికి ఆరణాలు, తిండి మనదే. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. లాకు వచ్చిన ప్రతిచోటా నీళ్లు సమమయ్యేదాకా ఆగాలి కాబట్టి తొందరపడి లాభం లేదు. మర్నాడు నిడదవోలు దాటి, మధ్యాహ్నం తిరిగాక విజ్జేశ్వరం చేరాం. అక్కడ రేవు దాటితే ధవళేశ్వరం, ఆపైన రాజమండ్రికి ఎద్దుబండి. దారిలో పడవ సరంగు మా తమ్ముడి బ్యాటు చూసి, "ఏంటండీ, ఇంత బుల్లి వలలో చేపలేం పడతాయండి?" అన్నాడు.

"చేపలు కాదు, దొరలు పడతారు" అన్నాను.

"ఊరుకో అక్కా, ఎవరైనా వింటారు" అని సామ్యేలు చుట్టూ చూశాడు.

పోటీ జరిగేది రాజమండ్రి దొరల క్లబ్బులో. అక్కడ మనవాళ్లు వంటశాల పక్కన కంచె వెనకాల నిలబడి చూడాలి. వంటాయన పీట తెచ్చి వేశాడు. "కూర్చోండమ్మా. మీ తమ్ముడుగారి ఆట చూస్తా దొరలు టీ కూడా అడగట్లేదండి" అన్నాడు. నిజమే. మొదటిరోజు ఇద్దరిని ఓడించాడు. రెండోరోజు ఆఖరి ఆటలో ఎదురుగా వచ్చినవాడు కాలవల దొర, ఆఫీసులో మావాడు రోజూ లేచి నిలబడి దణ్ణం పెట్టే మనిషే.

టెన్నిసు చేతులతో కాదు, గుండె దిటవుతో ఆడాలని పాదిరిగారంటారు. దొరల సీమలో జరిగే పెద్ద పోటీల్లో గెలిచేవాళ్లందరికీ ఉన్నది అదేనట. మావాడికి లేదని ఎవరనగలరు? మొదట ఓడుతూ ఉండి కూడా చెక్కుచెదరలేదు. ఎండలో దొర మొహం కందిపోయింది, వీడి ఊపిరి కూడా మారలేదు. ఇంకొక్క బంతి గెలిస్తే ఆట మాది.

దొర కొట్టిన బంతి మావాడి వైపు సున్నపు గీతకు జానెడు అవతల పడింది; అంటే గెలుపు మాదే. కంచె వెనక నుంచి నాకు కూడా కనిపించింది. ఎవరి వైపు పడిన బంతి లోపలో బయటో వాళ్లే చెప్పాలి, అదీ ఈ ఆట మర్యాద. సామ్యేలు గీత వంక చూసి, దొర వంక చూశాడు. దొరే బ్యాటు దించి, బయటేనా అని అడిగాడు.

"లోపలేనండి" అన్నాడు మావాడు.

దొర నమ్మలేక మళ్లీ అడిగాడు.

"తమరి బంతేనండి."

ఆ తరవాత మావాడికి ఒక్క బంతీ సరిగ్గా తగల్లేదు. నోటికాడి కూడు నేలపాలైంది. దొర చెయ్యి కలిపి, ఆట బాగుంది గాని చివర్లో గుండె జారిందన్నాడు. అందరూ అవునన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరుగు పడవలో అడిగాను: "కళ్లు కనపడలేదా నీకు?"

"కనపడిందక్కా. ఆయన మొహం మీద, బయట పడిందండి అని ఎలా అంటాం? నోరు రాలేదు."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెన్నపట్నం పోయింది. ఇంట్లో, బడిలో, గుళ్లో పెద్దలకు ఎదురు చెప్పకూడదనే వాడికి నేర్పారు, వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు. ఎవరి ముందూ లేచి నిలబడే పని లేనివాడికి గుండె దిటవు ఎంత తేలికో! సోమవారం ఆఫీసుకు వెళ్లి వాడు ఆ దొరకే మళ్లీ దణ్ణం పెట్టాడు.

పోటీకి వెళ్లేవారికి ఒక్క సలహా. బంతి కొట్టడం ఎవరైనా నేర్పుతారు. "బయట" అనే మాట మాత్రం మీకంటే పెద్దవాళ్ల ఎదుట నిలబడి, గట్టిగా, అండి చేర్చకుండా అనడం అలవాటు చేసుకుని పడవ ఎక్కండి.