నడుమ వాయించిన పాట

చర్చిలో మెల్లగా వాయించమంటారు, పెండ్లిలో గట్టిగా వాయించమంటారు. ఆదివారం ప్రార్థన జరుగుతుండగా పాస్టరుగారు నా వైపు చెయ్యి ఊపి తగ్గించమంటే, తెల్లారి పెండ్లివారు "ఏందన్నా, పొద్దుగాల తిన్లేదా?" అని ఎగతాళి చేస్తారు. సాక్సోఫోన్ ఒకటే, ఊదే ఊపిరీ ఒకటే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు.

పెండ్లిలో గట్టిగా వాయించడానికి కారణం ఉంది. పుస్తె కట్టే వేళ పిల్ల చెవిన తుమ్ము గానీ, ఏడుపు గానీ, చెడు మాట గానీ పడకూడదు. అందుకే పంతులు "భజంత్రీలు! భజంత్రీలు!" అని అరుస్తాడు. మనల్ని పిలిచేదే ఆ ఒక్క నిమిషానికి, మిగతాదంతా ఉత్త సోకు అంటాడు నా పక్కన డోలు కొట్టే పెద్దాయన.

పోయిన ఎండాకాలం నెక్కొండలో ఒక పెండ్లికి వెళ్లాం. పెండ్లిపిల్లను పెంచింది అమ్మమ్మ. ఆమె వరంగల్‌లో దవాఖానలో ఉంది, లేచే స్థితి లేదు. కనీసం మేళమైనా వింటుందని పిల్ల మేనమామ ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నా పక్క కుర్చీ మీద ఉంచాడు. అవతల పక్కింటామె ఆ ముసలమ్మ చెవి దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చుంది. పిల్ల పీటల మీదికి పోతూ నా దగ్గర ఆగి, "అన్నా, మంచిగ వాయించు. అమ్మమ్మ ఇంటాంది," అంది.

జీలకర్రబెల్లం అయింది. పుస్తె ఉన్న పళ్లేన్ని అందరి చేతా తాకిస్తున్నారు. మేం ఆగి ఊపిరి తీసుకుంటున్నాం. అప్పుడు ఫోన్లోంచి పక్కింటామె గొంతు వచ్చింది.

"తమ్మీ... అవ్వ పోయింది. ఇనుకుంటనే పోయింది."

మేనమామ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. పోయింది అతని కన్నతల్లి. నా చెవి దగ్గరికి వంగి, "పిల్లకు తెలిస్తే పీటల మీదికెల్లి లేస్తది. మా అవ్వ పానమంత ఈ పెండ్లి మీదనే ఉండె. పుస్తె పడేదాక ఆపకన్నా, నీ కాల్మొక్త," అన్నాడు.

అంతలోనే పంతులు "భజంత్రీలు!" అని అరిచాడు. ఊదాను.

ఊదుతున్నది పెండ్లి పాటే అనుకున్నాను. పెద్దాయన మోకాలితో గట్టిగా పొడిస్తే గానీ నేనేం వాయిస్తున్నానో నా చెవికి ఎక్కలేదు. భూస్థాపన పాట. మా చర్చిలో ఎవరైనా పోతే, సమాధుల తోటలో శవపెట్టె కిందికి దించేటప్పుడు నేను వాయించే పాట. చావు కబురు వినగానే నా వేళ్లు అలవాటైన దారిన పోయాయి. నా మీద నాకే ఒళ్లు మండింది.

ముందు వరుసలో ఒకామె తలెత్తి నన్నే చూస్తోంది. ఎప్పుడైనా ఎవరి భూస్థాపనకైనా వెళ్లిందేమో! "ఇదేం పాట?" అని ఒక్క మాట పైకి అంటే అయిపోయినట్టే. ఠక్కున ఆపానా, వెనకాల మేనమామ వెక్కిళ్లు పీటల దాకా వినిపిస్తాయి. ఇంత భయం నాకు ఏ పెండ్లిలోనూ లేదు. పెద్దాయన నా వైపు చూడకుండానే దరువు పెంచాడు. చేతులు పగిలేట్టు కొట్టాడు. ఆ మోత చాటున పాటను కొంచెం కొంచెంగా పెండ్లి వరుసలోకి తిప్పాను. మూడో ముడి పడింది. అక్షింతలు పడ్డాయి. అప్పుడు ఆపాను.

తలంబ్రాలు కాగానే సాక్సోఫోన్ సర్దడం మొదలుపెట్టాను. ఆ పిల్లకు చెప్పే వేళకు నేను అక్కడ ఉండకూడదనే తొందర. అయినా ఆమే వచ్చింది, జుట్టు నిండా బియ్యంతో, చేతిలో ఫోన్‌తో, నవ్వుకుంటూ.

"అన్నా, పుస్తె కట్టెటప్పుడు మొదాలు ఒక పాట వాయించినవు గద, ఎంత మంచిగుందో! జర ఇంకోపారి వాయించవా? రికార్డ్ చేసి అమ్మమ్మకు పంపుత."

ఆమె వెనక మేనమామ నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాయించమన్నట్టు తల ఊపాడు.

ఆమె ఫోన్ నా ఎదురుగా పట్టుకుంది. వాయించాను, మొదటి నుంచి చివరిదాకా, చర్చిలో వాయించినంత మెల్లగా. పెద్దాయన డోలు మీద చెయ్యి వేయలేదు.