కొమురయ్య కాక ఊపిరి గుర్తు

రెండు వేల పద్దెనిమిది వానాకాలంలో నన్ను మా బొగ్గుగనుల కంపెనీ రామగుండం ఏరియా కంప్యూటర్ సెక్షన్‌కు సీనియర్ ప్రోగ్రామర్‌గా వేశారు. జీతాల లెక్కలు, హాజరు యంత్రాలు, ప్రింటర్ల అలకలు నా పని. సంగీతం నా పనిలోనూ లేదు, ఒంట్లోనూ లేదు. అయినా ఒక ఉదయం మా కార్మికుల బ్యాండు మాస్టర్ సలీం గారు సెంటినరీ కాలనీ నుంచి ఫోను చేశారు. "మేడం, జల్ది రండ్రి. మీ ఇంజనీరు సాబ్ నా అమరికలన్నీ తుడిచేస్తనంటున్నడు."

నేను వెళ్లేసరికి మా జూనియర్ ఇంజనీరు రాజేశం మౌసు పట్టుకుని ఉన్నాడు, మాస్టర్ దాని వైరు పట్టుకుని ఉన్నారు. స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ తెరిచిన వెంటనే మూసుకుపోతోంది. రాజేశం దగ్గర మందు ఒక్కటే, ఫ్యాక్టరీ రీసెట్. అంటే సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి పెట్టినప్పటి డిఫాల్టు స్థితికి తీసుకుపోవడం. దాంతో మనం పెట్టుకున్న అమరికలన్నీ, అంటే సెట్టింగులన్నీ, పోతాయి. మళ్ల పెట్టుకోవచ్చు గద అని అతని వాదన. ఏండ్ల సంది ఒక్కొక్కటి పెట్టుకున్నయని మాస్టర్ గోల.

వాటిలో ముఖ్యమైనది కొమురయ్య కాకది. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ ఆయన, బ్యాండులో క్లారినెట్. ఆ నెలాఖరున రిటైరవుతున్నాడు. తన సన్మానంలో తానే ఒక పాట వాయించి దిగిపోవాలని కోరిక. గీతల మీది స్వరాల చుక్కలు చదవడం ఆయనకు రాదు, ప్రతి చుక్క కింద స రి గ మ అక్షరం పెద్దగా ఉండాలి. బొగ్గు దుమ్ము మింగిన ఊపిరి గనక, ఎక్కడ గాలి పీల్చుకోవాలో పెద్ద గుర్తు కూడా ఉండాలి. మామూలు కాగితం ఇస్తే ఆయన వేదిక ఎక్కడు. సన్మానం ఎల్లుండి.

కాక మూలన కూర్చుని అంతా చూస్తున్నాడు. "ఫికర్ జెయ్యకుండ్రి, గాకపోతే ఈల ఏస్త" అన్నాడు. నవ్వాం గానీ, ఆయన క్లారినెట్‌ను ఒళ్లోంచి దించలేదు.

మా నాన్న కూడా టింబర్‌మనే. కొత్త దుంగ నిలిపాకే పాతది తియ్యాలని అన్నం తింటూ కూడా చెప్పేవాడు. రాజేశంతో అదే చేయించాను. అమరికల ఫోల్డరును చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టాం. అది కనబడక సాఫ్ట్‌వేర్ డిఫాల్టుతో కొత్త ఫోల్డరు తయారు చేసుకుని చక్కగా తెరుచుకుంది. ఇక పాత దాంట్లోంచి ఒక్కొక్క ఫైలే తెచ్చి, ప్రతిసారీ మూసి తెరిచి చూశాం. కీబోర్డు షార్ట్‌కట్లు వచ్చాయి. వాయిద్యాల వరస వచ్చింది. పేజీ రూపాన్ని నడిపే స్టైల్ ఫైలు పెట్టగానే మళ్లీ మూసుకుపోయింది. కాక అక్షరాలు, గుర్తు ఉన్నది దాంట్లోనే.

ఈ రూపంతో ఇంతకుముందు ఏదైనా పాట రాసి దాచారా అని మాస్టర్‌ను అడిగాను. "నిరుడు మందమర్రి సన్మానానికి రాసిన గదా, కాకనే వాయించిండు" అన్నారు. ఈ సాఫ్ట్‌వేర్‌లో పాటను దాచినప్పుడు, దాని స్టైలు కూడా ఆ పాట ఫైలులోనే ఒక ప్రతిగా ఉంటుంది. మందమర్రి పాట తెరిచి, అందులోని స్టైలును విడి ఫైలుగా దాచి, కొత్త పాటకు తగిలించాం. పెద్ద అక్షరాలతో, గుర్తులతో కాగితం బయటికొచ్చింది. రాజేశం మౌసు మాస్టర్‌కు అప్పజెప్పి అందరికీ చాయ్ చెప్పాడు.

సన్మానం రోజు కాక ప్రతి గుర్తు దగ్గరా ఆగి, గాలి పీల్చుకుని హాయిగా వాయించాడు. చివరి వరసలో మాత్రం గుర్తులు దాటేసి, ఒకే ఊపిరిలో పాట ముగించి, దగ్గుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. గుర్తు కనబడలేదా అని మాస్టర్ కోప్పడ్డారు.

"కనవడ్డది సార్. డ్యూటీ దిగిన గద, ఇగ ఆగుడెందుకు" అన్నాడు కాక. హాలంతా నవ్వింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ తడిశాయి.

కాక వెళ్లిపోయాడు గనక ఆ గుర్తు అమరికను తీసెయ్యమని మర్నాడు మాస్టర్ ఫోను చేశారు. బ్యాండులో ఇంకా బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు ఎందరున్నారని అడిగాను. ఆయన కాసేపు లెక్కపెట్టి, ఉండనియ్యమన్నారు. ఆ తరువాత నా సర్వీసు ముగిసేదాకా, ఏ యంత్రం మీదైనా రీసెట్ నొక్కే ముందు ఒక్కో అమరిక ఎవరి కోసం పెట్టారో అడిగి తెలుసుకున్నాను.