ఏ బామో చెప్పలేదు

ఆళ్లగడ్డ బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన జీవరత్నం మాస్టారికి చలికి పెదాలు పగిలాయి. నంద్యాల మందులషాపులో పనిచేసే కూతురు ప్రవళిక "బామ్ పూసుకో నాయనా" అని ఫోన్‌లో చెప్పింది. ఆయన ఎరిగిన బామ్ ఒక్కటే, తలనొప్పిది. ఆదివారం చర్చికి బయల్దేరుతూ దాన్నే దట్టంగా పట్టించాడు.

వాక్యం చదవడానికి లేచేసరికి పెదాలు భగ్గుమన్నాయి. కళ్లనీళ్లు ధారగా కారాయి. ఆయన భక్తి చూసి జనం కూడా కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చిన ప్రవళిక ఆ తలనొప్పి బామ్ డబ్బా చూసి నెత్తి కొట్టుకుంది. "దీంట్లో కర్పూరం ఉండాది నాయనా, పగిలినచోట ఇంకా మండిస్తాది. పెదాల బామ్ వేరే. దాంట్లో నూనె మెత్తబరుస్తాది, మైనం మూతమాదిరి పైన నిలబడి లోపలి తడి ఆరిపోనీదు."

"మూతపెడితే నీళ్లు ఆవిరి కావని పిల్లోళ్లకు చెప్పింది నేనే గదమ్మా," అన్నాడాయన. "నా నోటికే మూత కావాలని తెల్సుకోలేకపోతి."

కూతురు తెచ్చిన బామ్‌తో పెదాలు మానాయి. మరుసటి ఆదివారం మాస్టారు తడబడకుండా చదివాడు. బయటికొస్తుంటే ముందు వరసలో కూర్చునే లూదియమ్మ ఆపింది.

"పోయిన వారం మాదిరి లేదు సార్. ఈపొద్దు మనసు పెట్టి చదవలేదు నువ్వు."

పాత డబ్బా పారేయకపోవడమే మంచిదైందనుకున్నాడు జీవరత్నం.