మందు మారేలోపు

మొన్న ముసురు పట్టిన రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. ప్రొద్దుటూరులో మా వీధి చివరి ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, మలేరియా అన్నారు. మనవరాలి వయసున్న డాక్టరమ్మ మాత్రల అట్ట చేతికిచ్చి, "ఇవి బాగా పనిచేస్తాయవ్వా, భయపడొద్దు. ఇంట్లో తోడెవరున్నారు?" అని అడిగింది. మాత్రల గురించి నాకు భయం లేదు గానీ, రెండో మాటకు, ఉన్నార్లే అని అబద్ధం చెప్పి లేచాను. ఇంటికొచ్చి గంజి తాగి మంచం మీద వాలితే, జమ్మలమడుగు డాక్టరు సారు గుర్తొచ్చాడు.

నేను అక్కడి బడిలో పంతులమ్మగా ఉన్నప్పుడు, ఒకే ఇంట్లో మూడు వాటాల్లో అద్దెకుండేవాళ్లం. ముందు వాటాలో సారు, పక్కన నేను, వెనక మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచే మిషన్ కుట్టే సాయిబులావిడ, ఆమె భర్త. సారుది చక్రాయపేట వైపు పల్లె. పెళ్లి చేసుకోలేదు; ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆదివారం ఉగ్గాని చేసి నాకూ ఆపాకూ గిన్నెల్లో పంపేవాడు. బొరుగులు నాని ముద్దయి ఉండేవి. మొదటిసారి బాగుందని మేమిద్దరం అబద్ధం చెప్పాం కాబట్టి, ఆ శిక్ష ఏళ్ల తరబడి సాగింది. సాయంత్రాలు తనతో తానే చదరంగం ఆడుకుని, ఓడిపోయానని విసుక్కునేవాడు.

ఆపా భర్త రాళ్లు కొట్టే పనికి ఒడిశా అడవుల వైపు పోయి, జ్వరంతో తిరిగొచ్చాడు. సారు పనిచేసే సర్కారు ఆసుపత్రిలో, ఆ రోజుల్లో మలేరియాకు అందరికీ ఇచ్చే క్లోరోక్విన్ మాత్రలే ఇచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చారు, మళ్లీ వచ్చింది. చేదు తట్టుకోలేక ఊసేస్తున్నాడనీ, ఆపా మిషన్ మీద నుంచి లేచి చూసుకోవడం లేదనీ వీధిలో మాటలు మొదలయ్యాయి. "నా చేత్తోనే మింగిస్తాండా టీచరమ్మా. నోరు గూడా తెరిపిచ్చి చూస్తాండా," అని ఆమె నా గడప మీద కూర్చుని ఏడ్చింది.

ఆ మాట సారు చెవినబడింది. మర్నాటి నుంచి మాత్రలు తానే తెచ్చి, ఎదురుగా కూర్చుని మింగించాడు. అయినా రక్తంలో మలేరియా క్రిమి పోలేదు. వెంటనే క్వినైన్ ఎక్కించాడు గానీ, అప్పటికే జ్వరం మెదడుకెక్కింది. కడపకు తీసుకుపోతుంటే కమలాపురం దగ్గర ప్రాణం పోయింది. మట్టి ఇచ్చి వచ్చిన వాళ్లంతా ఇంటిముందు నిలబడి ఉండగా సారు బయటికొచ్చి, "ఆయమ్మ మాత్రలు సక్రమంగానే ఇచ్చింది. మందే పనిచేయల్యా. ఇంగ ఎవరూ ఆయమ్మను ఒక్క మాట అనొద్దండప్పా," అన్నాడు. గొంతు పెంచలేదు. అందరూ తలలు దించుకున్నారు.

అదే పనికి పోయొచ్చిన మరికొందరికీ జ్వరం అలాగే తిరగబెట్టింది. మందు మార్చమని సారు పైకి రాశాడు. చాలాచోట్ల పరీక్షలు చేసి, పాత మందు ఓడిపోతోందని తేలితే తప్ప విధానం మార్చలేమని జవాబొచ్చింది. నేను కోప్పడితే ఆయనే సర్దిచెప్పాడు.

"వాళ్ల మాటలోనూ న్యాయముందమ్మా. తొందరపడి కొత్త మందు ఊరంతా పంచితే అదీ చెడిపోతాది. అప్పుడు చేతిలో ఏముంటాది? అయితే వాళ్లడిగే రుజువు ఏంది? మనుషులే గదా. ఎంతమందయితే చాలో నాకు తెలీడంల్యా."

తర్వాత పాత మాత్రలు ఇచ్చిన ఇళ్లకన్నిటికీ సాయంత్రాలు తిరిగి, తగ్గిందా అని అడిగేవాడు. తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని క్వినైన్ పెట్టేవాడు. సారు సంగటి వేళకే వస్తాడని జనం నవ్వుకునేవాళ్లు. ఎవరైనా నిజంగా తినమంటే మాత్రం తినేవాడు కాదు.

ఆపా ఇంటిపనికి కువైట్ పోయింది. సారుకు పులివెందుల బదిలీ అయింది. మూడు వాటాల ఇంట్లో కొన్నాళ్లు నేనొక్కదాన్నే ఉన్నాను. ఏళ్ల తర్వాత మందు మారిందని పేపర్లో చదివి, బస్సెక్కి పులివెందుల పోయాను. అప్పటికి రిటైరై, ఒంటి గదిలో ఉంటున్నాడు. వార్త ఆయనా చదివాడు. "మంచిదే," అని పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "ఆపాకు చెప్పినావా అమ్మా?" అన్నాడు. యాడుందో తెలీదు సార్ అన్నాను. తల ఊపి, కాఫీ పెట్టడానికి లేచాడు.

ఇప్పుడు సారూ లేడు. ఎదురుచూసిన వార్తను కాలం ఎప్పుడో ఒకప్పుడు తెచ్చి ఇస్తుంది. దాన్ని చెప్పుకోవాల్సిన మనుషుల్ని మాత్రం అంతవరకూ ఆపి ఉంచదు.